ఒక మీటరు దుంగ సాక్ష్యం

లాక్‌డౌన్లు ముగిసిన మరుసటి ఏడాది, ఉగాది దాటిన వారానికి, నాందేడ్‌లో నేను పనిచేసే కలప డిపోలోకి కంప్యూటర్ వచ్చింది. అప్పటికి నేను ఆ డిపోలో ముప్ఫై ఏళ్లకు పైబడిన మాపారీని. మాపారీ అంటే కొలిచేవాడు. మరాఠీ మాట, మా బజారులో తెలుగువాళ్లం కూడా అదే అంటాం. హోదాలో మాపారీ హమాలీల కంటే పైన, శేఠ్ గారి కుక్క కంటే కాస్త కింద. కుక్క పైన ఎందుకంటే, దాని చేత ఎవరూ ఎక్కడా సంతకం పెట్టించరు. ఈ కథంతా సంతకం దగ్గరే ఉంది కాబట్టి ముందే చెప్పి పెడుతున్నాను.

నా చదువు ఏడో తరగతి సగం వరకు. నేను బడి మానేశాననుకునేవాణ్ని, బడే నన్ను మానేసిందని మా మాస్టారు అనేవారు. తరువాత ఇద్దరం ఒకరినొకరు తలుచుకొని ఏడ్చిన దాఖలాలు లేవు. లెక్కల పుస్తకంలో ఒక అంకె తల మీద ఇంకో చిన్న అంకె ఎక్కి కూర్చునే పాఠం రాకముందే నేను బయటపడ్డాను. ఆ చిన్న అంకెను ఘాతాంకం అంటారనీ, ఐదు తల మీద రెండు కూర్చుంటే ఐదును ఐదుతో గుణించాలనీ, మూడు కూర్చుంటే ఇంకోసారి గుణించాలనీ చాలా ఏళ్ల తరువాత తెలిసింది. తెలియకుండానే ముప్ఫై ఏళ్లు దానితోనే అన్నం తిన్నాను.

ఎలాగో చెబుతాను. దుంగ వచ్చాక బెరడు పోగా నడుమ భాగంలో టేపు చుట్టి చుట్టుకొలత తీయాలి. మొదలు దగ్గర తీస్తే ఎక్కువ వస్తుంది, చివర తీస్తే తక్కువ వస్తుంది, అందుకని నడుమ. ఆ చుట్టుకొలతలో పావు వంతు తీసుకొని, ఆ పావును దానితోనే గుణించి, వచ్చినదాన్ని పొడవుతో గుణిస్తే దుంగలో ఎన్ని ఘనమీటర్ల కట్టె ఉందో తేలుతుంది. గుండ్రటి దుంగను నాలుగు పలకల దూలంగా ఊహించుకోవడం అన్నమాట. నిజానికి దుంగలో ఇంకొంచెం కట్టె ఉంటుంది, కానీ ఆ కొంచెం అందరూ ఒప్పుకొని వదిలేసిన కొంచెం.

ఈ గుణకారాలు మాపారీ చేయడు. అతని దగ్గర ఎర్ర అట్ట పుస్తకం ఉంటుంది. చుట్టుకొలత ఒక పక్క, పొడవు ఇంకో పక్క, రెండూ కలిసే చోట జవాబు. పదేళ్లు వాడితే పుస్తకం నోటికి వస్తుంది, ఇరవై ఏళ్లు వాడితే నోట్లోంచి పోనే పోదు. 'అరవై చుట్టు, రెండు మీటర్లు, నలభై ఐదు' అంటే ఘనమీటరును వెయ్యి భాగాలు చేస్తే అందులో నలభై ఐదు. మా ఆవిడ నన్ను నిద్రలో తట్టి అడిగినా చెప్పేవాణ్ని. ఆమె ఎప్పుడూ అడగలేదు, అది వేరే విషయం.

మా డిపోలో గేటు పక్కన ఒక సాగ్వాను, అంటే టేకు, దుంగ నిలబెట్టి ఉండేది. పొడవు రెండు మీటర్లు, నడుమ చుట్టుకొలత సరిగ్గా ఒక మీటరు. నడుముకు ఇనుప పట్టీ కొట్టి ఉండేది. దాన్ని కసోటీ దుంగ, అంటే పరీక్ష దుంగ, అనేవాళ్లం. గుడ్డ టేపులు వానకు సాగుతాయి, ఎండకు ముడుచుకుంటాయి. కొత్త టేపు వచ్చినా, పాత టేపు మీద అనుమానం వచ్చినా, తీసుకుపోయి ఆ పట్టీ చుట్టూ చుట్టేవాళ్లం. ఒక మీటరు చూపితే టేపు పాసు, లేకపోతే హమాలీల బట్టల తాడు. శేఠ్ గారి తండ్రి కాలం నుంచీ అదే పద్ధతి. ఆ దుంగకు దసరా నాడు పసుపు కుంకుమ కూడా పెట్టేవాళ్లం.

ఇక కంప్యూటర్ సంగతి. మా యజమాని వెంకటేశం శేఠ్ తెలుగు వ్యాపారి, మూడు తరాలుగా నాందేడ్‌లోనే. ఆయన అల్లుడు ప్రశాంత్ పుణెలో ఏదో మేనేజిమెంట్ చదివి, మామగారి డిపోను ఉద్ధరించడానికి వచ్చాడు. వచ్చిన మూడో రోజున ల్యాప్‌టాప్ తెరిచి నాకు స్ప్రెడ్‌షీట్ చూపించాడు. చూస్తే గళ్ల లుంగీలా ఉంది. తేడా ఏమిటంటే, లుంగీ మీది గళ్లు ఊరికే ఉంటాయి, ఈ గళ్లు లెక్కలు చేస్తాయి. ఒక గడిలో చుట్టుకొలత, పక్క గడిలో పొడవు వేస్తే మూడో గడిలో ఘనమీటర్లు వాటంతట అవే పడతాయి.

"లక్ష్మణ్ కాకా, ఇగ మీ ఎర్ర బుక్కు రిటైర్. మీరు కొలిచి చెప్పుండ్రి, మిగతాదంత మిషన్ చూస్కుంటది," అన్నాడు ప్రశాంత్.

"నన్ను గూడ రిటైర్ చేస్తవా బాబూ, లేక బుక్కొక్కటేనా?" అన్నాను.

అతను నవ్వలేదు. పుణెలో నవ్వు వేరే సబ్జెక్టు అనుకుంటాను, తీసుకోలేదు.

శేఠ్ గారు జాగ్రత్తపరుడు. మిషన్ సరిగ్గా చెబుతుందో లేదో ముందు పరీక్ష చేయాలన్నారు. పరీక్ష అంటే మా డిపోలో ఒక్కటే పరీక్ష. అందరం కలిసి ల్యాప్‌టాప్‌ను గేటు దగ్గరికి తీసుకుపోయాం. ఒక హమాలీ స్టూలు తెచ్చాడు. కసోటీ దుంగ చుట్టుకొలత ఒకటి, పొడవు రెండు అని ప్రశాంత్ కొట్టాడు. గడిలో 0.125 అని పడింది. నేను పుస్తకం తెరవకుండానే, అందరూ చూస్తుండగా కళ్లు మూసుకొని, "నూట ఇరవై ఐదు," అన్నాను. చప్పట్లు కొట్టారు. రిజిస్టరులో 'కంప్యూటర్ లెక్క తనిఖీ చేయబడినది, బరాబర్ ఉన్నది' అని రాసి కింద నేను సంతకం పెట్టాను. ముప్ఫై ఏళ్లలో అంత అందంగా ఎప్పుడూ పెట్టలేదు. మరుసటి రోజు నుంచి ఎర్ర పుస్తకం తీయలేదు. దాన్ని కొత్త మిషన్ మీద ఉత్సాహం అనుకున్నాను, దాని అసలు పేరు బద్ధకం.

మా మిల్లు డిపో వెనకాలే. అక్కడ బ్యాండ్ రంపం మీద పెద్ద మేస్త్రి పోశెట్టి. నాకంటే నాలుగేళ్లు చిన్న, నన్ను లచ్చన్నా అని పిలుస్తాడు. దుంగను రంపం బల్ల మీదికి ఎక్కించి, ఏ వైపు నుంచి కోస్తే ఎన్ని పలకలు వస్తాయో ఒక్క చూపుతో చెప్పే మనిషి. దుంగ కోస్తే కొంత పొట్టు అవుతుంది, కొంత పక్క చెక్కలు అవుతుంది. మా మిల్లులో నూరు పాళ్ల దుంగ లోపలికి పోతే అరవై పాళ్ల కోత కలప బయటికి వచ్చేది. కాస్త వంకర దుంగలైతే యాభై ఎనిమిది, తిన్నగా ఉంటే అరవై రెండు. మేము దుంగలు రైతుల దగ్గర నగాల లెక్కన, అంటే ఇన్ని దుంగలని లెక్కబెట్టి కొంటాం. కాబట్టి ఘనమీటర్లు పూర్తిగా మా ఇంటి లెక్క. రంపం ఎలా పనిచేస్తున్నదో చూసుకోవడానికే తప్ప బయటివాడికి పని లేదు. బయటివాడికి పని లేని లెక్కలో తప్పు దొర్లితే పట్టుకునేవాడూ ఉండడు.

మొదట లావు దుంగల లోడు వచ్చింది. అన్నీ మీటరున్నర చుట్టుకొలత, అటూ ఇటూ. కోసి చూస్తే కంప్యూటర్ నూటికి తొంభై అని చెప్పింది. శేఠ్ గారు కుర్చీలోంచి లేచారు. అల్లుడి వైపు చూసిన చూపులో పెళ్లి ఖర్చంతా వసూలైన తృప్తి కనిపించింది. ఊళ్లోని కలప వ్యాపారులందరూ కలిసిన ఒక సభలో ప్రశాంత్‌కు శాలువా కప్పారు. అతను మైకులో పది నిమిషాలు మాట్లాడాడు, 'ప్రాసెస్' అనే మాట చాలాసార్లు వచ్చింది.

ఆ వారం పోశెట్టి నా దగ్గరికి వచ్చి చెవిలో అడిగాడు. "లచ్చన్నా, తొంభై అచ్చిందంటున్నరు. మరి గంత పొట్టు ఏడికెల్లి అచ్చింది? ఎప్పటి లెక్కనే రెండు బండ్ల పొట్టు ఇటుకబట్టికి పాయె గద."

"నీకెందుకు, మంచి పేరొస్తె ఊకుండు," అన్నాను.

నిజానికి ఆ రోజే నేను ఎర్ర పుస్తకం తీసి ఉండాలి. కట్టె ఎక్కువ వచ్చిందంటే దొంగ ఎవరని ఎవరూ అడగరు. తక్కువ వచ్చినప్పుడే మనుషులకు లెక్కల మీద ఆసక్తి పుడుతుంది.

ఆ తక్కువ వానలు మొదలయ్యే ముందు వచ్చింది. కిన్వట్ అవతల సర్ఖని వైపు రైతులు పొలం గట్ల మీద పెంచుకున్న సాగ్వాను కొట్టి అమ్మారు. అన్నీ సన్న దుంగలు, చుట్టుకొలత అరవై సెంటీమీటర్లు, పొడవు రెండు మీటర్లు, మొత్తం నాలుగు వందల నగాలు. హిమాయత్‌నగర్ దిక్కు పెంకుటిళ్ల వాసాలకు అవే అడుగుతారు. నేను రెండు రోజులు కూర్చొని కొలిచాను, పోశెట్టి వారం రోజులు కోశాడు. ఒక గురువారం పొద్దున శేఠ్ గారు మా ఇద్దరినీ తాను కూర్చునే గద్దె దగ్గరికి పిలిపించారు.

ప్రశాంత్ ల్యాప్‌టాప్ మా వైపు తిప్పి పెట్టాడు. ముప్ఫై ఘనమీటర్లు లోపలికి పోయింది, పదకొండు కూడా బయటికి రాలేదు. నూటికి ముప్ఫై ఆరు.

"పోశెట్టి, పద్దెనిమిది రావాలె," అన్నారు శేఠ్ గారు. "ఏడు తక్కువ పడ్డది. ఏడికి పోయింది?"

"నేను కోసింది కోసినట్టు లోపల పేర్చి ఉన్నది శేఠ్. పోయి చూస్కోండ్రి."

"పేర్చింది చూసే చెప్తున్న," అన్నాడు ప్రశాంత్. "మొన్న లావు దుంగలకు నీకే తొంభై వచ్చింది గద. చేతనైనోనివే. మరి గిప్పుడు ముప్ఫై ఆరేంది?"

"తొంభై అచ్చిందని మీరన్నరు సాబ్. నేననలె."

వాతావరణం బరువెక్కిందని నాకు అనిపించింది. బరువెక్కినప్పుడు జోకు వేయడం నా జబ్బు. "శేఠ్, ఈనది సైకిల్. ఏడు ఘనమీటర్లంటే సగం లారీ. సైకిల్ మీద ఎట్ల తీస్కపోయిండంటరు, టిఫిన్ డబ్బల పెట్టుకొనా?" అన్నాను.

పోశెట్టి నా వైపు తిరిగాడు. "నవ్వులాట కాదు లచ్చన్నా. దుంగలు కొల్సింది నువ్వు. నీ కొలతల ఏమన్న తప్పుంటె ఇప్పుడే చెప్పు."

ఇక్కడ నేను చేసిన పని నాకు బాగా గుర్తుంది. నా పరువు మీదికి వచ్చిందనుకున్నాను. ఛాతీ ముందుకు పెట్టి, "ముప్ఫై ఏండ్లల నా టేపు ఒక్కనాడు తప్పు చెప్పలె," అన్నాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు.

శేఠ్ గారు తల ఊపారు. "కొలత బరాబర్. లెక్కకు గూడ లక్ష్మణే సంతకం వెట్టిండు, బరాబర్. ఇగ మిగిలింది ఎవరు?"

మిగిలింది పోశెట్టి. సోమవారం లోపల సరుకు ఎక్కడుందో చెప్పకపోతే పోలీసు స్టేషన్లో ఫిర్యాదు ఇస్తామనీ, మిగతా మిల్లుల వాళ్లకు కూడా ఫోను చేసి చెబుతామనీ శేఠ్ గారు అన్నారు. అరవలేదు. అరిచే మనిషి అయితే కొంత ఆశ ఉండేది.

బయటికి వచ్చాక పోశెట్టి రంపం బల్ల మీద కూర్చున్నాడు. రంపం ఆపి ఉంది. "స్టేషన్లంటే ఒకరోజు కొడ్తరు, ఇడుస్తరు," అన్నాడు. "గాని మిల్లుల దొంగ అని పేరువడ్డదంటె మల్ల ఎవ్వడు రంపం ముట్టనియ్యడు లచ్చన్నా. కుండల్‌వాడి దాక పోయినా గా మాట నాకంటె ముందు జీపెక్కి పోతది. రంపం తప్ప నాకు ఇంకో పని రాదు."

ఆపిన రంపం పళ్ల మీది పొట్టు దులిపి, నేను డిపోలోకి వచ్చేశాను.

శుక్రవారం పదకొండు గంటలకు ప్రశాంత్ కాగితాలు తెచ్చాడు. ఫిర్యాదుతో పాటు దుంగల జాబితా జత చేయాలి, ప్రతి పేజీ కింద మాపారీ సంతకం ఉండాలి. అది పద్ధతి. నేను పెన్ను మూత తీశాను. కంప్యూటర్ వచ్చినప్పటి నుంచి మూడో గడిలో ఏం పడుతున్నదో నేను చూడటం అదే మొదటిసారి. మొదటి వరుస: చుట్టుకొలత 0.60, పొడవు 2, ఘనమీటర్లు 0.075.

డెబ్బై ఐదు.

నా నోరు నా ప్రమేయం లేకుండా 'నలభై ఐదు' అంది. కింది వరుస చూశాను, అదీ డెబ్బై ఐదే. పేజీ నిండా డెబ్బై ఐదులు పోలీసు కవాతులా నిలబడి ఉన్నాయి. కళ్లజోడు ఇంట్లో మరచిపోయానని, రేపు సంతకం పెట్టి ఇస్తానని ప్రశాంత్‌కు చెప్పాను. కళ్లజోడు నా ముక్కు మీదే ఉంది. అతను కాగితాలు ఇచ్చి వెళ్లిపోయాడు. మేనేజిమెంటు వాళ్లు మనిషి ముఖం చూడరు.

మధ్యాహ్నం ఎర్ర పుస్తకం దుమ్ము దులిపి, ప్రశాంత్‌ను అడిగి లావు దుంగల జాబితా కూడా తెచ్చుకొని, ఒక్కొక్క వరుసా పోల్చాను. మీటరు కంటే సన్నటి దుంగలకు కంప్యూటర్ ఎక్కువ చెబుతున్నది. మీటరు కంటే లావు దుంగలకు తక్కువ చెబుతున్నది. సరిగ్గా మీటరు ఉన్న కసోటీ దుంగకు మాత్రం పుస్తకమూ కంప్యూటరూ అక్షరం తేడా లేకుండా ఒకే మాట చెప్పాయి. లోకంలో ఉన్న దుంగలన్నిటిలోనూ తప్పు కనబడని దుంగ ఒక్కటే ఉంటే, మేము దానికి ఇనుప పట్టీ కొట్టి, పసుపు కుంకుమ పెట్టి, పరీక్షకు దాన్నే పిలిచాం.

పిలిచింది అందరం. సంతకం పెట్టింది నేను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదని రాస్తే చదివేవాళ్లకు నా మీద గౌరవం కలుగుతుంది, కానీ బాగానే పట్టింది. భయం పొద్దున లేచాక పట్టుకుంది. పదవీ విరమణకు రెండేళ్లు ఉంది. చెబితే నా తనిఖీ ఉత్త నాటకమని బయటపడుతుంది. చెప్పకపోతే కాగితాల మీద నా సంతకంతోనే పోశెట్టి స్టేషనుకు పోతాడు. స్నానం చేస్తూ ఒకసారి, చాయ్ తాగుతూ ఒకసారి చెప్పకూడదని తీర్మానించుకున్నాను. గేటు దగ్గరికి వచ్చేసరికి ఆ కసోటీ దుంగ నిలబడి ఉంది, రాత్రి వానకు తడిసి నిగనిగలాడుతూ, నిజాయితీకి బొమ్మ గీసినట్టు. దాన్ని చూడగానే, తప్పుకూ ఒప్పుకూ ఒకేలా తలూపే దానిలా ఉండటం నాకు ఇష్టం లేదని తేలిపోయింది. తిన్నగా శేఠ్ గారి దగ్గరికి పోయాను.

నేను చెప్పింది విని ప్రశాంత్ ఎర్ర పుస్తకాన్ని రెండు వేళ్లతో పట్టుకున్నాడు. "కాకా, ఈ బుక్కు ఏ కాలంది? కంప్యూటర్ తప్పు చెయ్యదు. ఫార్ములా చూపిస్త, మీరే చదువుండ్రి." మూడో గడి మీద నొక్కాడు. పైన పట్టీలో ఇలా ఉంది:

=B2/4^2*C2

ఒక్కొక్కటే వేలు పెట్టి చెప్పాడు. మొదటిది చుట్టుకొలత గడి. తరువాత బై నాలుగు, అంటే పావు. తరువాత టోపీలా ఉన్న గుర్తు, దాని పక్కన రెండు: అంటే తల మీద కూర్చునే రెండు, దానితోనే దాన్ని గుణించడం. చివరిది పొడవు గడి. పావు తీసి, దానితోనే గుణించి, పొడవుతో గుణించు. మా పద్ధతి అదే, వరుస అదే. నేను మూడుసార్లు చదివాను. తప్పు కనిపించలేదు. చదివితే అతనిది ఒప్పు, లోకంలో చూస్తే నాది ఒప్పు.

చదువు దగ్గర ఓడిపోయినవాడికి మిగిలేది తూకం. డిపోలో పక్క చెక్కలు వంటచెరుకు కింద అమ్మడానికి నేల కాటా ఉంది. "శేఠ్, మిషన్ లెక్క ప్రకారం అరవై చుట్టు దుంగలు రెండు కలిస్తె నూట ఇరవై చుట్టు దుంగ ఒకటైతది. నా బుక్కు ప్రకారం నాలుగు కావాలె. పొడవు సమానంగ ఉన్నవి కాటా మీద పెట్టి చూద్దాం," అన్నాను.

శేఠ్ గారికి ఫార్ములా అర్థం కాదు కానీ కాటా ఆయన కులదైవం. లేచి వచ్చారు. హమాలీలు నూట ఇరవై చుట్టు దుంగను దొర్లించి ఎక్కించారు. నూట డెబ్బై రెండు కిలోలు. దింపి, యార్డులో ఇంకా కోయకుండా ఉన్న అరవై చుట్టు దుంగలు రెండు పెట్టారు. ఎనభై ఐదు. మూడోది పెట్టారు, నాలుగోది పెట్టారు. నూట అరవై ఎనిమిది. పోశెట్టి దూరంగా రంపం షెడ్డు దగ్గర నిలబడి చూస్తున్నాడు. దగ్గరికి రాలేదు.

"అల్లుడా, కాటా అయితే తప్పు చెయ్యదు," అన్నారు శేఠ్ గారు.

ప్రశాంత్ ముఖం ఎర్రబడింది. అయితే ఒక మాట ఒప్పుకోవాలి, అతను అక్కడి నుంచి పారిపోలేదు. కాటా పక్కనే దుంగ మీద కూర్చొని ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నాడు. నేను చెప్పినట్టు కొట్టమన్నాను. పొడవు ఒక మీటరే ఉంచి చుట్టుకొలత ఒకటి, రెండు, మూడు, నాలుగు. కంప్యూటర్ వరుసగా 0.0625, 0.125, 0.1875, 0.25 అంది. మీటలు నొక్కిన కొద్దీ అంతే అంతే పెరుగుతున్నది, మెట్లు ఎక్కినట్టు. ఎర్ర పుస్తకంలో అలా ఉండదు. ఒకటికి అంతే, రెండుకు నాలుగింతలు, మూడుకు తొమ్మిదింతలు, నాలుగుకు పదహారింతలు. నాలుగు మీటర్ల చుట్టుకొలతకు పావు ఒక మీటరు, ఒకటిని ఒకటితో గుణిస్తే ఒకటి. ఇది నాలాంటివాడికీ తెలుసు. కంప్యూటర్ పావు అంటున్నది.

"నాలుగు పెడితె పావు ఎట్ల అచ్చింది?" అన్నాను. "నాలుగును దేంతోని భాగిస్తె పావయితది?"

"పదహారుతోని," అన్నాడు ప్రశాంత్. చెప్పి ఆగిపోయాడు.

"పదహారు ఏడికెల్లి అచ్చింది బాబూ? నేను చెప్పింది నాలుగే గద. అంటె నీ మిషన్ నా దుంగను దానితోని అది గుణిస్తలేదు. నీ నాలుగును గుణిస్తున్నది."

జరిగింది అదే. స్ప్రెడ్‌షీట్ మనం చదివిన వరుసలో చదవదు. టోపీ గుర్తు కనబడితే ముందు దాని సంగతి చూస్తుంది, తరువాతే భాగహారమూ గుణకారమూ. మేము 'పావు తీసి గుణించు' అని చదువుకున్నాం. అది 'నాలుగును నాలుగుతో గుణించి పదహారు చేసి, చుట్టుకొలతను దానితో భాగించు' అని చదువుకున్నది. టోపీ దానికి ఆనుకొని ఉన్నదాని తల మీదే కూర్చుంటుంది, ఆనుకొని ఉన్నది నాలుగు. చుట్టుకొలత దాకా చేరాలంటే ముందు చుట్టుకొలతనూ నాలుగునూ ఒక బ్రాకెట్‌లో కూర్చోబెట్టాలి. చుట్టుకొలత సరిగ్గా ఒకటి అయినప్పుడు ఎలా చదివినా ఒకటే, ఎందుకంటే ఒకటిని ఒకటితో ఎన్నిసార్లు గుణించినా అది కదలదు.

ప్రశాంత్ రెండు బ్రాకెట్లు పెట్టాడు: =(B2/4)^2*C2. కిందికి లాగాడు. డెబ్బై ఐదులన్నీ ఒక్క దెబ్బకు నలభై ఐదులయ్యాయి. ముప్ఫై ఘనమీటర్లు పద్దెనిమిదికి దిగింది, నూటికి ముప్ఫై ఆరు అరవైకి ఎక్కింది. పోశెట్టి మీద దొంగతనం రెండు బ్రాకెట్లతో మాసిపోయింది. అయితే అదే ఊపులో లావు దుంగల తొంభై కూడా అరవై అయి కూర్చుంది.

శేఠ్ గారు తెర మీదికి వంగి రెండు అరవైలనూ మార్చి మార్చి చూశారు. చివరికి అడిగిన ప్రశ్న ఇది: "అంటే తొంభై గూడ లేదా?"

పోశెట్టి నిర్దోషి అని తేలినందుకు ఆయనకు కలిగిన సంతోషం కంటే, తొంభై పోయినందుకు కలిగిన దుఃఖం స్పష్టంగా పెద్దది. శాలువా గురించి ఎవరూ ప్రస్తావించలేదు. నేనూ ప్రస్తావించలేదు. నా నోటికి అది జీవితంలో పెద్ద త్యాగం.

"లక్ష్మణ్, మరి నువ్వు చూసి సంతకం వెట్టినవ్ గద?" అన్నారు తరువాత.

"ఒక్క దుంగ మీదనే చూసిన శేఠ్. గది గూడ జవాబు నాకు నోటికొచ్చిన దుంగ. అందరు చప్పట్లు కొడ్తరని."

నన్ను తిడితే అదే నోటితో అల్లుణ్ని కూడా తిట్టాలి కాబట్టి ఊరుకున్నారు. అలా నేను రక్షించబడ్డాను, ఇది నా గొప్ప కాదు.

పోశెట్టిని పిలిచి, "లెక్కల జర పొరపాటైంది, పోయి పని చూస్కో," అన్నారు. మా వ్యాపారంలో క్షమాపణ ఇంతకంటే పొడవు ఉండదు. పోశెట్టి కదలలేదు.

"పోత శేఠ్. గాని నాకొకటి గావాలె."

"ఏంది?"

"గేటు కాడి దుంగ. దాన్ని కోసుడు నాకియ్యుండ్రి."

శేఠ్ గారి తండ్రి కాలం నాటి దుంగ అది. ఆయన నా వైపు చూశారు, అల్లుడి వైపు చూశారు, ఎవరమూ ఆయన వైపు చూడలేదు. సరేనన్నారు. పోశెట్టి ఉలి పెట్టి ఇనుప పట్టీ ఊడదీశాడు. మేకులు మిగిలాయేమోనని అరచేత్తో దుంగంతా తడిమాడు, మేకు తగిలితే రంపం పళ్లు పోతాయి. అప్పుడు బల్ల మీదికి ఎక్కించి, తొందర లేకుండా, పలక వెనక పలక కోశాడు. మధ్యలో నా వైపు తిరిగి, "లచ్చన్నా, కొలువు. ఈసారి లెక్క గూడ నువ్వే చెయ్యి. కండ్లు తెరుచుకొని," అన్నాడు. కొలిచాను. నూటికి అరవై ఒకటి.

పట్టీ దగ్గర లేత గోధుమ రంగు, లోపల నల్లటి చారలు. మంచి కట్టె, అన్నేళ్లూ గేటు దగ్గర ఉద్యోగం చేయకపోతే మంచి తలుపు అయ్యేది.

ఆ తరువాత ప్రశాంత్ ఆ గుర్తు మీద పట్టు పట్టి కూర్చున్నాడు. టోపీని వదిలేసి పవర్ అనే ఫంక్షన్ వాడటం మొదలుపెట్టాడు. అందులో ఏ సంఖ్యను, ఎన్నిసార్లు అని కామా పెట్టి విడిగా అడుగుతుంది, గందరగోళానికి తావు తక్కువ. ఒక రోజు మైనస్ రెండు, టోపీ, రెండు అని కొట్టి నాకు చూపించాడు. బడి పుస్తకం ప్రకారం జవాబు మైనస్ నాలుగట, స్ప్రెడ్‌షీట్ నాలుగు అంది. అక్కడ మాత్రం అది మైనస్‌ను టోపీ కంటే ముందే అంటించుకుంటుందట. "నియమం గూడ ఒక్క తీరుగ లేదు కాకా," అన్నాడు, మోసపోయినవాడిలా. ఆ రోజు మొదటిసారి అతనితో కలిసి నవ్వాను.

గేటు దగ్గర ఇప్పుడు మూడు దుంగలు ఉన్నాయి: ఒకటి అరవై చుట్టు, ఒకటి తొంభై, ఒకటి నూట డెబ్బై. టేపు వచ్చినా, మిషన్ వచ్చినా మూడింటి మీదా చూసి, ఎర్ర పుస్తకంతో పోల్చి, మూడు జవాబులూ రిజిస్టరులో రాసిన తరువాతే మాపారీ సంతకం చేయాలి. ఆ పద్ధతి రాసింది నేను, నేను రిటైరయ్యాక కూడా నడుస్తున్నదని విన్నాను. మీటరు చుట్టు దుంగ వాటిలో లేదు. తప్పు లెక్కకూ ఒప్పు లెక్కకూ ఒకే జవాబు ఇచ్చేదాని మీద చేసే పరీక్ష పరీక్ష కాదు, దాని కింద పెట్టిన సంతకానికి బాధ్యుడు దుంగ కాదు, సంతకం పెట్టినవాడు.